కో-వర్కింగ్ వెబ్‌సైట్‌ను మార్చడమంటే అసలు ఏం మార్చడం?

సిద్ధంగా ఉన్న ఆఫీసులో సీట్లు, గదులు అద్దెకిచ్చే కో-వర్కింగ్ కంపెనీలు ఈమధ్య స్టాక్ మార్కెట్ వార్తల్లోకెక్కాయి. 2024 మేలో ఆఫిస్ (Awfis) స్పేస్ సొల్యూషన్స్ అనే కంపెనీ లిస్టయింది. 2025 జులైలో స్మార్ట్‌వర్క్స్, ఇండిక్యూబ్, అదే ఏడాది అక్టోబర్‌లో వీవర్క్ ఇండియా వచ్చాయి. ఈ పెద్దవాళ్ల వెబ్‌సైట్లు చూశాక, మాదాపూర్‌లోనో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో ఒకటి రెండు అంతస్తుల్లో సెంటర్ నడుపుకుంటున్నవాళ్లకు తమ సైట్ ఒక్కసారిగా పాతబడిపోయినట్టు అనిపించడం సహజం. వెంటనే కొటేషన్లు తెప్పిస్తారు. ఒకరు అరవై వేలంటారు, ఇంకొకరు ఆరు లక్షలంటారు. ఇద్దరిలో ఎవరూ మోసగాళ్లు కాకపోవచ్చు. ఇద్దరూ వేర్వేరు పనులకు రేటు చెబుతున్నారు, అంతే.

ఆ తర్వాత జరిగే మీటింగుల్లో చర్చంతా రంగుల మీద, ఫాంటు మీద, హోమ్ పేజీలో ఫొటో ఉండాలా వీడియో ఉండాలా అనేదాని మీద నడుస్తుంది. గంట గడిచినా తేలదు. ఎందుకంటే డిజైన్ గొడవలా కనిపిస్తున్నది చాలాసార్లు వ్యాపారం గొడవ. మన దగ్గరికి ఎవరు రావాలని కోరుకుంటున్నాం అన్నది తేలకుండా హోమ్ పేజీలో పైన ఏం పెట్టాలో తేలదు.

లెక్కలు చేతికి అందేలా ఉండాలి కాబట్టి మాదాపూర్‌లో 120 సీట్ల సెంటర్ ఒకటుందని ఊహించుకుందాం. కింద వచ్చే అంకెలు, వేరుగా చెప్పినవి తప్ప, ఆ ఊహా సెంటర్‌వే.

ఒకే తలుపు, నాలుగైదు రకాల బేరాలు

ఈ వ్యాపారానికి రెండు మూలాలున్నాయి. 1989లో మార్క్ డిక్సన్ బ్రస్సెల్స్‌లో రీజస్ మొదలుపెట్టారు. కంపెనీలకు కుర్చీలు, ఫోన్లు, రిసెప్షన్‌తో సహా సిద్ధంగా ఉన్న ఆఫీసును అద్దెకివ్వడం దాని పని. 2005 ఆగస్టులో శాన్ ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామర్, ఒంటరిగా పనిచేసుకునేవాళ్లంతా ఒకచోట కూర్చునేందుకు ఒక చోటు తెరిచారు. కో-వర్కింగ్ అని ఇవాళ మనం అంటున్నది అక్కడి నుంచి వచ్చింది. మొదటిది కంపెనీల అవసరం, రెండోది మనుషుల అవసరం. ఇప్పుడు మన సెంటర్లు ఈ రెండింటినీ ఒకే రిసెప్షన్ దగ్గర అమ్ముతున్నాయి. వెబ్‌సైట్‌లో కనిపించే అయోమయంలో సగం ఇక్కడిదే.

సరుకుల పేర్లు ఒకసారి చూద్దాం. డే పాస్ అంటే ఒక్కరోజు కూర్చునే హక్కు. హాట్ డెస్క్‌కు నెలవారీగా కడతారు, కానీ ఫలానా కుర్చీ మీదే అని ఉండదు, ఖాళీ ఉన్నచోట కూర్చోవాలి. డెడికేటెడ్ డెస్క్ అయితే ఆ బల్ల మీదే, సాయంత్రం మానిటర్ అక్కడే వదిలేసి వెళ్లొచ్చు. ప్రైవేట్ క్యాబిన్ నలుగురికో పదిమందికో తలుపు ఉన్న గది. మేనేజ్డ్ ఆఫీస్ అంటే ఒక కంపెనీ కోరినట్టు అంతస్తో, అందులో కొంత భాగమో తయారుచేసి, నడిపే బాధ్యత కూడా సెంటరే తీసుకోవడం. మీటింగ్ రూమ్ గంటల లెక్కన ఇస్తారు. ఇక వర్చువల్ ఆఫీస్‌లో కుర్చీయే ఉండదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కో కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకో పనికొచ్చే చిరునామా, వచ్చిన ఉత్తరాలు తీసిపెట్టే సేవ మాత్రమే ఉంటాయి.

వీటిని కొనే మనుషులు ఒకరికొకరు పోలికే లేనివాళ్లు. డే పాస్ కావాల్సిన వ్యక్తి రాయదుర్గం మెట్రో మెట్లు దిగుతూ ఫోన్‌లో చూస్తుంటాడు. ఇప్పుడు తెరిచి ఉందా, ఎంత, బైక్ పెట్టుకోవచ్చా, ఇంతే. పది నిమిషాల్లో తేల్చుకుంటాడు. నలభై సీట్లు వెతుకుతున్న కంపెనీ అడ్మిన్ మేనేజర్ లాప్‌టాప్ ముందు కూర్చుని అయిదు సెంటర్లను పక్కపక్కన పెట్టి చూస్తారు. ఆమెకు కావాల్సింది జనరేటర్ బ్యాకప్ ఎంత, రెండు వేర్వేరు కంపెనీల ఇంటర్నెట్ లైన్లున్నాయా, కార్లకు ఎన్ని స్లాట్లు, బాస్‌కు పంపడానికి పీడీఎఫ్ ఉందా. నిర్ణయానికి నెల, రెండు నెలలు పడుతుంది, మధ్యలో బ్రోకర్ ఉంటారు. వర్చువల్ ఆఫీస్ కొనేవాళ్లు చాలాసార్లు అసలు సెంటర్‌కే రారు. వాళ్ల తరఫున సీఏ అడుగుతారు: అగ్రిమెంట్ ఇస్తారా, బిల్డింగ్ ఓనర్ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) వస్తుందా, కరెంటు బిల్లు కాపీ ఎవరి పేరు మీద ఉంది, జీఎస్టీ అధికారి తనిఖీకి వస్తే మా బోర్డు కనిపిస్తుందా?

ఇప్పుడు డబ్బు ఎటునుంచి వస్తోందో చూద్దాం. క్యాబిన్లలో, మేనేజ్డ్ ఆఫీసులో కలిపి 80 సీట్లు, ఒక్కోటి నెలకు 8,000 అంటే 6.4 లక్షలు. డెడికేటెడ్ డెస్కులు 20, ఒక్కోటి 7,000 చొప్పున 1.4 లక్షలు. వర్చువల్ ఆఫీస్ కస్టమర్లు 60 మంది, నెలకు వెయ్యి చొప్పున 60 వేలు. మీటింగ్ రూముల మీద 50 వేలు. డే పాసులు నెలకు వంద, 500 చొప్పున ఇంకో 50 వేలు. మొత్తం 9.4 లక్షలు. ఇందులో మూడింట రెండొంతులు క్యాబిన్లవే. కానీ వెబ్‌సైట్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమంది డే పాస్, మీటింగ్ రూమ్, వర్చువల్ ఆఫీస్ వెతుక్కునేవాళ్లు అయ్యుంటారు. జనం ఒకవైపు, డబ్బు ఇంకోవైపు. పైగా వర్చువల్ ఆఫీస్ ఆదాయం చిన్నదే అయినా దానికి ఒక్క కుర్చీ ఖర్చు కాదు.

కాబట్టి హోమ్ పేజీలో పైన 'టూర్ బుక్ చేసుకోండి' (అంటే సెంటర్ చూడటానికి రండి అని) ఉండాలా, 'ఈరోజే డే పాస్ తీసుకోండి' ఉండాలా అన్నది డిజైనర్ తేల్చే విషయం కాదు. క్యాబిన్లు సగం ఖాళీగా ఉన్న సెంటర్‌కు ఒక జవాబు, నిండిపోయిన సెంటర్‌కు ఇంకో జవాబు. నిండిన సెంటర్‌కు కొత్త క్యాబిన్ ఎంక్వైరీలతో ఉపయోగం తక్కువ, సాయంత్రాలు ఖాళీగా ఉండే మీటింగ్ రూములు అమ్ముడుపోతేనే లాభం.

అరవై వేల పని, ఆరు లక్షల పని

సైట్ మార్చడంలో మూడు స్థాయిలున్నాయి. మొదటిది రూపం: రంగులు, ఫొటోలు, అక్షరాలు మారతాయి, పేజీలు అవే ఉంటాయి. రెండోది అమరిక: ఏ పేజీలు ఉండాలి, ఏది ముందు కనబడాలి, పేజీల చిరునామాలు ఏమిటి అన్నవి మారతాయి. మూడోది వెనకున్న యంత్రాంగం: బుకింగ్, పేమెంట్, మెంబర్ల లాగిన్, ఇన్వాయిస్‌లు.

అరవై వేల కొటేషన్ సాధారణంగా మొదటి దానికి, లేదా రెడీమేడ్ టెంప్లేట్ మీద రెండో దాని తేలికపాటి రూపానికి. ఆరు లక్షలు చెప్పినవాళ్లు మూడోదాన్ని కలిపి చెప్పారు. చిక్కేమిటంటే అడిగేవాళ్ల మనసులో చాలాసార్లు మూడోది ఉంటుంది ("జనం సైట్‌లోనే బుక్ చేసుకోవాలి"), చేతిలో మొదటి దానికి సరిపడా బడ్జెట్ ఉంటుంది. ఈ తేడా కాగితం మీద రాసుకోకపోతే మూడో నెలలో గొడవ ఖాయం.

ధర కనిపించాలా, ఫోన్ చేయించాలా

కో-వర్కింగ్ సైట్లలో పాత తగాదా ఇది. ధర దాచే వాళ్ల వాదన తీసిపారేసేది కాదు. నలభై సీట్ల బేరంలో రేటు లాక్-ఇన్ కాలాన్ని (మధ్యలో ఖాళీ చేయకూడని గడువును) బట్టి, అంతస్తును బట్టి, డిపాజిట్‌ను బట్టి మారుతుంది. రెండేళ్లు ఉంటామన్న కంపెనీకి, మూడు నెలల్లో వెళ్లిపోయే టీమ్‌కు ఒకే రేటు ఇవ్వలేరు. ఒక అంకె పైకి పెడితే పక్క బిల్డింగ్‌వాడు దానికి అయిదొందలు తగ్గిస్తాడు. ఇప్పటికే ఎక్కువ కడుతున్న పాత మెంబర్ ఆ అంకె చూసి తగ్గించమంటాడు.

ధర చూపాలనేవాళ్ల వాదనా గట్టిదే. ధర కనిపించని పేజీ నుంచి మనిషి పక్క ట్యాబ్‌లోకి వెళ్లిపోతాడు. ఫోన్ చేసేవాళ్లలో చాలామంది ధర వినగానే పెట్టేసేవాళ్లే కాబట్టి సేల్స్ అమ్మాయి రోజంతా అదే అంకె అప్పజెబుతూ ఉంటుంది. అందుకే బయట ఎక్కువగా కనిపించేది మధ్యే మార్గం: డే పాస్, మీటింగ్ రూమ్, వర్చువల్ ఆఫీస్‌లకు కచ్చితమైన ధర, డెస్కులకు 'ఇంత నుంచి మొదలు', పెద్ద క్యాబిన్లకు ఎంక్వైరీ.

ఇక్కడ జీఎస్టీ ఒక మెలిక పెడుతుంది. డెడికేటెడ్ డెస్క్ 7,000 అని పెడితే 18 శాతం పన్ను 1,260 కలిపి బిల్లు 8,260 వస్తుంది. జీఎస్టీ నంబర్ ఉన్న కంపెనీకి ఆ 1,260 ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకునేలా, సర్దుబాటయ్యే అవకాశం ఉంది కాబట్టి దాని లెక్కలో ధర 7,000 మాత్రమే. సేవల మీద ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటక, రిజిస్ట్రేషన్ తీసుకోని ఫ్రీలాన్సర్‌కు మాత్రం అసలు ధర 8,260. ఒకే బల్లకు రెండు ధరలు, రెండూ నిజమే. క్యాబిన్ పేజీలో 'జీఎస్టీ అదనం' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. డే పాస్ పేజీలో 499 చూపించి, చివరి స్క్రీన్‌లో 588.82 అడిగితే కొనేవాడికి మండుతుంది.

మండటంతో ఆగకపోవచ్చు కూడా. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్‌ల (కొనేవాళ్లను తప్పుదోవ పట్టించే సైట్, యాప్ డిజైన్ల) మీద మార్గదర్శకాలు తెచ్చింది. అందులో 13 రకాల మాయలను పేర్కొన్నారు. ధరలో కొంత భాగాన్ని ముందు దాచి చివర్లో బయటపెట్టడం వాటిలో ఒకటి. లేని తొందర పుట్టించడం మరొకటి: 'రెండు సీట్లే మిగిలాయి' అని నెలల తరబడి అదే బోర్డు వేలాడదీయడం ఈ కోవలోకి వస్తుంది. వాణిజ్య అవసరం కోసం సేవ తీసుకునే కంపెనీ వినియోగదారుల చట్టం కింద వినియోగదారు కాదు, నిజమే. కానీ కేవలం స్వయం ఉపాధితో బతుకుదెరువు సాగించేవారికి ఆ చట్టంలో మినహాయింపు ఉంది. డే పాస్ కొనే ఫ్రీలాన్సర్ తననూ ఆ మినహాయింపు కిందే చూడమని అడగొచ్చు.

మంగళవారం మూడు గంటలకు గది ఖాళీయేనా?

సైట్‌లోనే బుకింగ్ పెడదాం అనడం తేలిక. రిసెప్షన్ బల్ల దగ్గర ఏం జరుగుతుందో చూస్తే అసలు కష్టం తెలుస్తుంది.

ఎనిమిది మంది పట్టే గది. మంగళవారం మూడు నుంచి నాలుగు వరకు కావాలని ఒకరు వాట్సాప్‌లో అడిగారు. రిసెప్షనిస్ట్ సరేనని, రిజిస్టర్‌లో పెన్సిల్‌తో రాసుకుంది. రెండో అంతస్తు క్యాబిన్ కంపెనీకి నెలకు పది గంటలు ఉచితం, వాళ్లు అదే గదిని సెంటర్ మెంబర్ల యాప్‌లో రెండున్నర నుంచి మూడున్నరకు పట్టేశారు. మూడో వ్యక్తి చాలా సెంటర్లను ఒకేచోట చూపించే అగ్రిగేటర్ సైట్‌లో డబ్బు కట్టి మూడు గంటలకే బుక్ చేశాడు. మూడింటికి ఒకే గది మాదంటే మాదని ముగ్గురు తేలారు. కొత్త వెబ్‌సైట్ వచ్చాక ఇందులో నాలుగో మనిషి చేరతాడు తప్ప ఏమీ మారదు, ఈ నాలుగు దారులూ ఒకే క్యాలెండర్‌లోకి రాకపోతే.

అంటే వెబ్‌సైట్‌లో బుకింగ్ బటన్ పెట్టడానికి ముందు సెంటర్ లోపల పని పద్ధతి మారాలి. రిజిస్టర్ మూసేయాలి, వాట్సాప్‌లో సరే అనేముందు రిసెప్షనిస్ట్ తెర మీద చూసుకోవాలి, ఒక మీటింగ్‌కూ ఇంకోదానికీ మధ్య కప్పులు తీసి బల్ల తుడవడానికి పది పదిహేను నిమిషాలు వదలాలి. ఈ పనికే తయారైన సాఫ్ట్‌వేర్లున్నాయి. నెక్సుడస్, ఆఫీస్‌ఆర్‌ఎన్‌డీ, బెర్లిన్ నుంచి వచ్చిన కోబాట్ వాటిలో కొన్ని. వీటికి నెలనెలా కట్టాలి, పైగా మన దగ్గర యూపీఐ, కస్టమర్ జీఎస్టీ నంబర్‌తో ఇన్వాయిస్, రీఫండ్ ఇవన్నీ ఎలా కుదురుతాయో ముందే చూసుకోవాలి.

చిన్న సెంటర్‌కు ఇదంతా అవసరమా అనే ప్రశ్నకు రెండు వైపులా జవాబుంది. మూడు గదులు, రోజుకు 12 గంటలు, నెలకు 26 రోజులు లెక్కేస్తే 936 గంటలు అమ్మకానికి ఉన్నాయి. అందులో వంద గంటలే అమ్ముడవుతుంటే ఒక గూగుల్ క్యాలెండర్, ఒక వాట్సాప్ నంబర్ చాలు. 'రిక్వెస్ట్ పంపండి, పది నిమిషాల్లో చెబుతాం' అని రాసుకుని, నిజంగా పది నిమిషాల్లో చెబితే ఎవరికీ ఇబ్బంది లేదు. నాలుగైదు వందల గంటలకు చేరాక మాత్రం మనిషి చేత్తో సర్దలేడు. రాత్రి పదకొండుకు బుక్ చేయాలనుకునే వాడికి వాట్సాప్‌లో జవాబిచ్చేవారు ఉండరు.

ఇప్పటికే లాగిన్ ఉన్న సెంటర్ కొత్త వ్యవస్థకు మారుతుంటే ఇంకో ప్రమాదం ఉంది. బ్రిటన్‌లో మార్క్స్ అండ్ స్పెన్సర్ 2014 ఫిబ్రవరిలో 15 కోట్ల పౌండ్ల ఖర్చుతో కొత్త సైట్ తెచ్చింది. పాత కస్టమర్లంతా మళ్లీ రిజిస్టర్ చేసుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాతి త్రైమాసికంలో ఆన్‌లైన్ అమ్మకాలు 8.1 శాతం పడిపోయాయి. అంత పెద్ద దుకాణానికే అలా జరిగింది. మన 120 సీట్ల సెంటర్‌లో మెంబర్లకు తాము వాడుకోవాల్సిన మీటింగ్ గంటలు, డిపాజిట్ వివరాలు, పాత ఇన్వాయిస్‌లు కనిపించకపోతే వాళ్లు వెళ్లిపోరు, లాక్-ఇన్ ఉంటుంది కదా. రిసెప్షన్ దగ్గరికొచ్చి నిలబడతారు.

పాత లింకులు, గూగుల్ జ్ఞాపకశక్తి

సైట్ మార్చాక రెండు వారాల్లో ఎంక్వైరీలు సగానికి పడిపోయాయనే ఫిర్యాదు వింటే, నేను డిజైన్ చూడను, ముందు పాత లింకులు తెరిచి చూస్తాను.

పాత సైట్‌లో 'మాదాపూర్ మీటింగ్ రూమ్స్' అనే పేజీకి ఒక చిరునామా ఉంది. అయిదేళ్లుగా గూగుల్ దాన్ని చూపిస్తోంది, రెండు మూడు బ్లాగులు, జస్ట్‌డయల్ లాంటి జాబితాలు దానికి లింకిచ్చాయి. కొత్త సైట్‌లో అదే సమాచారం 'స్పేసెస్' అనే విభాగం కింద వేరే చిరునామాలోకి వెళ్లింది. పాత చిరునామా నొక్కినవాళ్లకు 404, అంటే 'ఈ పేజీ లేదు' అనే తెర వస్తుంది. దీనికి విరుగుడు 301 రీడైరెక్ట్. ఇల్లు మారినప్పుడు పోస్టాఫీసులో కొత్త అడ్రస్ ఇచ్చి వచ్చినట్టు, ఈ పేజీ శాశ్వతంగా ఫలానా చోటికి మారిందని సర్వర్ చేత చెప్పించడం. 302 అని ఇంకోటుంది, అది తాత్కాలిక మార్పుకు.

ఇందులో తరచూ జరిగే పొరపాటు, పాత పేజీలన్నింటినీ గంపగుత్తగా హోమ్ పేజీకి మళ్లించేయడం. మీటింగ్ రూమ్ అడిగినవాడికి హోమ్ పేజీ చూపిస్తే గూగుల్ దాన్ని సరైన మళ్లింపుగా లెక్కలోకి తీసుకోకపోవచ్చు, పేజీ లేనట్టే చూడొచ్చు. ఏ పాత పేజీ ఏ కొత్త పేజీకి అని ఒక ఎక్సెల్ షీట్ తయారుచేయాలి. ముప్పై పేజీల సైట్‌కు ఇది ఒక మధ్యాహ్నం పని. ఆ మళ్లింపులు కనీసం ఏడాది పాటు ఉంచాలన్నది గూగుల్ సలహా.

రెండోది ఇంకా చిన్నది, ఇంకా ఖరీదైనది. కొత్త సైట్ తయారవుతున్నప్పుడు గూగుల్ కంట పడకుండా 'నోఇండెక్స్' అనే గుర్తు పెడతారు. విడుదల రోజు హడావిడిలో దాన్ని తీయడం మరిచిపోతే సైట్ అందంగా కళకళలాడుతూ ఉంటుంది, గూగుల్‌లో మాత్రం మెల్లగా కనుమరుగవుతుంది.

చాలామంది సైట్‌కు రాకముందే మ్యాప్స్‌లో సెంటర్‌ను చూసేస్తారన్నది కూడా గుర్తుంచుకోవాలి. అక్కడ కనిపించే వివరాల పేజీ, అంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో పేరు, ఫోన్ నంబర్, పని వేళలు, సైట్ లింకు కొత్త సైట్‌తో సరిపోవాలి. ఆ ప్రొఫైల్‌తో ఉచితంగా వచ్చే చిన్న సైట్లను గూగుల్ 2024 మార్చిలో ఆపేసింది, కాబట్టి అప్పటిదాకా వాటితో నెట్టుకొచ్చినవాళ్లు కూడా ఇప్పుడు కొత్త సైట్ల వరసలో ఉన్నారు. లిఫ్ట్ తలుపు మీద అంటించిన క్యూఆర్ కోడ్ ఏ చిరునామాకు వెళ్తుందో కూడా ఒకసారి స్కాన్ చేసి చూస్తే మంచిది.

వీడియో బరువు, బాత్రూమ్ ఫొటో

హోమ్ పేజీ తెరవగానే డ్రోన్ షాట్‌తో వీడియో ఆడాలని దాదాపు ప్రతి ఓనర్‌కూ ఉంటుంది. 12 మెగాబైట్ల వీడియో, సెకనుకు 8 మెగాబిట్ల వేగం వస్తున్న ఫోన్. ఒక బైట్‌కు ఎనిమిది బిట్లు కాబట్టి 96 మెగాబిట్లు దిగడానికి 12 సెకన్లు. మెట్రో మెట్ల మీద ఉన్న మనిషి అంతసేపు ఆగడు. పేజీలో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపిస్తే బాగున్నట్టు గూగుల్ కొలమానం. నొక్కిన బటన్‌కు స్పందన 200 మిల్లీసెకన్లలోపు రావాలి. ఈ రెండో కొలత 2024 మార్చిలో పాతదాని స్థానంలో వచ్చింది. చదువుతుండగా పేజీ కిందికీ పైకీ జరగడాన్ని కూడా కొలుస్తారు. గూగుల్ వెతుకులాటలో ఏ సైట్ పైన రావాలో తేల్చే ర్యాంకింగ్‌లో ఇవి చాలా అంశాల్లో కొన్ని మాత్రమే. వేగం ఒక్కటే పెంచితే మొదటి స్థానం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు.

వీడియో వద్దనడానికీ లేదు. అడ్మిన్ మేనేజర్‌కు గదిలో వెలుతురు, సీలింగ్ ఎత్తు, బల్లల మధ్య దూరం వీడియోలోనే అర్థమవుతాయి. అందుకే వీడియోను తనంతట తాను ఆడనివ్వకుండా, ఫొటో మీద నొక్కితే ఆడేలా క్యాబిన్ పేజీలో పెట్టేవాళ్లున్నారు. కంప్యూటర్‌లో తయారుచేసిన త్రీడీ బొమ్మలు, నవ్వుతున్న విదేశీ మోడళ్ల ఫొటోల కన్నా మామూలు ఫోన్‌తో తీసిన పార్కింగ్ ఫొటో ఎక్కువ పనిచేస్తుందని నా అభిప్రాయం. టూర్‌కు వచ్చినవాళ్లు తప్పకుండా తలుపు తీసి చూసేది బాత్రూమ్. దాని ఫొటో పెట్టిన కో-వర్కింగ్ సైట్ మాత్రం నాకింతవరకు తగల్లేదు.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

పాత పేజీని సగం మందికి, కొత్త పేజీని సగం మందికి చూపించి ఎవరు ఎక్కువగా స్పందించారో కొలవడాన్ని ఏ/బీ టెస్ట్ అంటారు. ఏజెన్సీలు దీన్ని తప్పకుండా ప్రస్తావిస్తాయి. మన సెంటర్‌కు పనికొస్తుందా?

నెలకు 3,000 మంది సైట్‌కు వస్తున్నారు, వందకు ఇద్దరు ఫారం నింపుతున్నారు అనుకుందాం. నెలకు 60 ఎంక్వైరీలు. కొత్త పేజీ దీన్ని 2 నుంచి 2.5 శాతానికి పెంచుతుందని ఆశ. గణాంకశాస్త్రంలో మామూలుగా వాడే లెక్క ప్రకారం, ఆ తేడా కాకతాళీయం కాదని నమ్మకంగా చెప్పాలంటే ఒక్కో పేజీని సుమారు 14,000 మంది చూడాలి. రెండూ కలిపి 28,000. నెలకు 3,000 చొప్పున తొమ్మిది నెలలు దాటుతుంది. ఈలోపు పక్కన ఇంకో సెంటర్ తెరుచుకుంటుంది, సీజన్ మారుతుంది. రెండు వారాల టెస్ట్ చూపించి కొత్త డిజైన్ గెలిచిందని ఎవరైనా గ్రాఫ్ పంపితే, అది చాలావరకు బొమ్మా బొరుసే.

కొలిచే వస్తువును బట్టి కూడా ఫలితం తలకిందులవుతుంది. పాత ఫారంలో ఎనిమిది గడులు: పేరు, కంపెనీ, ఎన్ని సీట్లు, ఎప్పటినుంచి, బడ్జెట్ వగైరా. నెలకు 60 ఎంక్వైరీలు, 20 టూర్లు, 5 ఒప్పందాలు. కొత్త ఫారంలో ఫోన్ నంబర్ ఒక్కటే. ఎంక్వైరీలు 110కి పెరిగాయి, టూర్లు 24, ఒప్పందాలు 5. డిజైన్ కంపెనీ రిపోర్టులో ఎంక్వైరీలు 83 శాతం పెరిగాయని ఉంటుంది, అది అబద్ధం కాదు. అదే అయిదు ఒప్పందాలకు యాభై ఫోన్లు ఎక్కువ చేశానని సేల్స్ అమ్మాయి అంటుంది, అదీ అబద్ధం కాదు. ఆ నాలుగు అదనపు టూర్లలో ఒకటి మూడు నెలల తర్వాత నలభై సీట్ల బేరంగా తేలొచ్చు. అప్పుడు లెక్క మళ్లీ మారుతుంది. చిన్న సెంటర్లకు అయిదుగురు కొత్త మనుషుల చేతికి ఫోన్ ఇచ్చి 'రేపు నలుగురికి గది బుక్ చెయ్యండి' అని పక్కన కూర్చుని చూడటం ఎక్కువ నేర్పుతుందనే వాదన ఉంది. అందులో అంకెలు రావు. ఎక్కడ వేలు ఆగిపోయిందో మాత్రం కళ్లకు కనిపిస్తుంది.

ఆ ఫోన్ నంబర్లు ఎక్కడికి పోతాయన్నది ఇప్పుడు చట్టం పరిధిలో ఉంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నిబంధనలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. టూర్ కోసం ఇచ్చిన నంబర్‌ను దేనికి వాడతారో స్పష్టంగా చెప్పాలి, ముందే టిక్ పెట్టేసిన గడిని సమ్మతి అనలేరు. భద్రతా జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల దాకా ఉంది. ఎంక్వైరీలను బ్రోకర్ల వాట్సాప్ గ్రూపులో పడేసే అలవాటున్న సెంటర్లకు ఇది ఫారం డిజైన్‌తో తీరిపోయే సంగతి కాదు.

ఒకేసారా, విడతలవారీగానా?

మొత్తం ఒకేసారి మార్చేద్దామనే పక్షానికి ఒక న్యాయమైన కారణం ఉంది: సగం పాత, సగం కొత్తగా ఉన్న సైట్ చూసేవాళ్లకు అనుమానం కలిగిస్తుంది, రెండు వ్యవస్థలను పక్కపక్కన నడపడానికి ఖర్చూ ఎక్కువే. విడతలవారీ పక్షం చెప్పేదేమిటంటే, ఎంక్వైరీలు పడిపోయినప్పుడు కారణం కొత్త ఫారమా, పోయిన లింకులా, ధరల పేజీయా అన్నది ఒక్కోటిగా మారిస్తేనే తెలుస్తుంది. ముందు మీటింగ్ రూమ్ బుకింగ్ ఒక్కటి మార్చి, రిసెప్షన్‌లో రిజిస్టర్ నిజంగా మూతపడిందో లేదో చూసి, ఆ తర్వాత మిగతావి ముట్టుకోవడం ఒక దారి. ఒకే సెంటర్, ముప్పై పేజీలు ఉన్నవాళ్లకు ఒకేసారి మార్చినా పెద్ద నష్టం ఉండదు. మూడు నగరాల్లో సెంటర్లు, వందల మంది మెంబర్ల లాగిన్లు ఉన్నవాళ్లకు విడతలే మేలనిపిస్తుంది.

ఏ దారి పట్టినా కాంట్రాక్టులో ఒక పేరా మాత్రం తరచూ ఖాళీగా ఉండిపోతుంది: డొమైన్ పేరు ఎవరి పేరు మీద రిజిస్టరైంది, హోస్టింగ్ (సైట్ ఉండే సర్వర్) లాగిన్ ఎవరి ఈమెయిల్‌కు వస్తుంది, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కు, గూగుల్‌లో సైట్ ఎలా కనబడుతోందో చూపే సెర్చ్ కన్సోల్‌కు ఓనర్ ఎవరు. పాత సైట్ కట్టిన కుర్రాడు దుబాయ్ వెళ్లిపోయి, డొమైన్ రెన్యువల్ మెయిళ్లు అతని పాత ఇన్‌బాక్స్‌కే వెళ్తున్న సెంటర్లు తక్కువేమీ లేవు. కొత్త కొటేషన్ మీద సంతకం పెట్టేముందే ఈ నాలుగూ సెంటర్ పేరు మీదికి మార్చుకోవచ్చు. దానికి డిజైనర్ అక్కర్లేదు, పాత కుర్రాడు ఫోన్ ఎత్తితే చాలు.